అమ్మ పేరు మీద మంచం

ఆ క్లినిక్‌లో అందరూ ఆవిణ్ణి పళ్ళావిడ అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా పలికేది. ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేయడమే ఆవిడ బతుకుతెరువు. డాక్టరు తీసిచ్చిన నోటి అచ్చులో ప్లాస్టరు పోసి, దాని మీద మైనం పరిచి, మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, ఆ మనిషి నోట్లో పెట్టి చూసి, మళ్ళీ తీసి వెంట్రుకవాసి లోపలికి జరిపి, నవ్వితే పుట్టుపళ్ళే అనిపించేదాకా వదిలేది కాదు. "నా సెట్టు పెట్టుకున్నవాళ్ళు కొత్త వియ్యంకుల ముందైనా నోరారా ఆవలించొచ్చు" అనేది.

ఆవిడది చిన్న ఊరు. ఇంటి వెనక గదిలోనే పని. నగరంలో పెద్ద క్లినిక్ నడిపే డాక్టరమ్మ, అరవై దాటిన మనిషి, చాలాకాలం అచ్చులు పార్సెల్లో పంపి సెట్లు చేయించుకుంది. ఒకరోజు ఫోన్ చేసి, "మనిషిని చూడకుండా ఎన్నాళ్ళు చేస్తావు? మంగళ, బుధవారాలు ఇక్కడికే వచ్చెయ్. జీతం బాగా ఇస్తాను. బస మాత్రం నువ్వే చూసుకోవాలి" అంది. పళ్ళావిడ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. లారీ నడిపే మొగుడికి నడుం పట్టేసి ఏడాదైంది. కూతురి చదువు ఇంకా సగంలోనే ఉంది. బస ఎంతలే, వారానికి ఒక రాత్రేగా, ఎప్పుడైనా రెండు అనుకుంది.

ఊరి నుంచి రైల్లో ఐదు గంటలు. ఆ ఒక్క రాత్రే ఆవిడ ప్రాణం తీసింది.

మొదట పిన్ని కూతురింటికి వెళ్ళింది. నగరంలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. చెల్లెలు ఎంతో సంబరపడింది. రెండో వారం కూడా బాగానే గడిచింది. మూడో వారం భోంచేస్తుండగా మరిదిగారు నవ్వుతూనే అడిగాడు.

"వచ్చే మంగళవారం కూడా ఉందా, వదినగారూ, ప్రోగ్రాం?"

ఆయన తప్పుగా అన్నదేం లేదు. హాల్లో సోఫా మీద పడుకునే వాళ్ళబ్బాయికి తెల్లారితే పరీక్ష. వాడు వంటగదిలో నేల మీద పక్క వేసుకుంటున్నాడు. పళ్ళావిడ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "అబ్బే, లేదండీ, క్లినిక్ వాళ్ళు గది ఇస్తున్నారు" అనేసింది. మొదటి అబద్ధం అది. అన్నాక ఎంత తేలిగ్గా వచ్చేసిందో అని తనకే ఆశ్చర్యం వేసింది.

తర్వాత స్టేషను దగ్గర లాడ్జి. కౌంటర్లో మనిషి "ఒక్కరేనా?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి చూపుతో అడిగాడు. గదికి గడియ ఉంది కానీ దాన్ని పట్టుకునే కొక్కెం లేదు. కుర్చీని తలుపుకి ఆనించి, దాని మీద సంచి, సంచి మీద నీళ్ళ బకెట్ పెట్టుకుని కూర్చుంది. తెల్లవారుజామున ఎవరో పిడి తిప్పారు. బకెట్ కదిలి నీళ్ళు తొణికాయి. "ఎవరు?" అని అరిచింది. అవతల అడుగుల చప్పుడు, కాస్త నవ్వు. అంతే. మళ్ళీ ఆ వీధి మొహం చూడలేదు.

మంచి లాడ్జీలు ఉన్నాయి. వాటిలో రెండు రాత్రులుంటే ఆ వారం జీతంలో సగం వాటికే పోతుంది. ఆడవాళ్ళ హాస్టళ్ళు నాలుగు తిరిగింది. నాలుగు చోట్లా ఒకే మాట: నెల మొత్తం తీసుకోవాలి, ముందు రెండు నెలల అడ్వాన్సు కట్టాలి. "నాలుగు రాత్రులకే ఇవ్వరా?" అంటే, "ఇదేమన్నా బస్సా అమ్మా, దిగేదాకా టికెట్ కొట్టడానికి?" అంది ఒకావిడ. ఒక వారం స్టేషను వెయిటింగ్ హాల్లోనే, సంచి పట్టీ కాలికి చుట్టుకుని కూర్చుంది. మర్నాడు మైనం చెక్కుతుంటే చెయ్యి జారి కింది సెట్టులో కోరపన్ను విరిగింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ చేతిలో పన్ను విరగడం అదే మొదలు. డాక్టరమ్మ విరిగిన పన్ను వైపు, ఆవిడ వైపు చూసింది. ఆ చూపు చాలు.

ఆ సాయంత్రం రైలుకి టైముందని నడుస్తూ వెళ్ళింది. పెద్ద క్యాన్సరు ఆసుపత్రి పక్క సందులోకి కాళ్ళు వాటంతట అవే తిరిగాయి. నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మని ఆ ఆసుపత్రిలోనే చేర్పించారు. రెండు నెలలు. ఆ రెండు నెలలూ పళ్ళావిడ ఈ సందు చివర ఉన్న వసతి గృహంలోనే ఉంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన రోగుల మనుషుల కోసం ఎవరో పుణ్యాత్ములు కట్టించిన ఇల్లు. ఎనిమిది గదులు, గదికి రెండు మంచాలు, అందరికీ ఒకటే వంటిల్లు. ఒక్క పైసా తీసుకోరు. ఆసుపత్రి కార్డు చూపిస్తే చాలు.

అమ్మ కార్డు ఆవిడ పర్సు లోపలి జిప్పులో ఉంది. ఎందుకుందో ఆవిడకే తెలీదు. అమ్మ పోయాక బట్టలు పంచేసింది, మంచం ఎవరికో ఇచ్చేసింది, ఆ కార్డు మాత్రం పారేయలేకపోయింది.

ఊరికే చూసి వద్దామనే లోపలికి వెళ్ళింది. పాత వార్డెను లేదు. కొత్తావిడ, సన్నగా, కళ్ళద్దాలకి తాడు కట్టుకుని, రిజిస్టరు ముందు కూర్చుని ఉంది. తలెత్తకుండానే, "కార్డుందా?" అంది.

లేదని చెప్పి వెనక్కి తిరగడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో పళ్ళావిడ చెయ్యి పర్సులోకి వెళ్ళింది.

వార్డెను నంబరు చూసింది, తేదీ చూడలేదు. "ఎవరికి?"

"అమ్మకి."

"వార్డులో ఉన్నారా? మీరు రోజూ ఉంటారా?"

"లేదండీ, మంగళ, బుధవారాలే వస్తాను. మిగతా రోజులు మా తమ్ముడు చూసుకుంటాడు."

ఆవిడకి తమ్ముడే లేడు. తల్లికి ఒక్కతే కూతురు. ఒక మంచం కోసం పోయిన తల్లిని బతికించింది, లేని తమ్ముణ్ణి పుట్టించింది.

వార్డెను రిజిస్టరు తిప్పి పెట్టింది. పళ్ళావిడ రోగి పేరు దగ్గర అమ్మ పేరు రాసింది. వయసు దగ్గర కలం ఆగింది. పోయినప్పుడు అరవై ఏడు. నాలుగేళ్ళు కలిపి డెబ్బై ఒకటి అని వేసింది. రాసి, ఆ అంకె వంక చూడలేక కలం మూత పెట్టేసింది. వార్డెను ఒక చీటీ మీద అమ్మ పేరు రాసి ఐదో గదిలో కిటికీ పక్క మంచం తలవైపు గోడకి అంటించింది. అది అక్కడి పద్ధతి. ప్రతి మంచానికీ రోగి పేరు.

ఆ వచ్చే మంగళవారం నుంచి పళ్ళావిడ అమ్మ పేరు కింద పడుకోవడం మొదలుపెట్టింది. గడియ గట్టిగా పడింది. దుప్పటి ఉతికి ఉంది. ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. పొద్దున లేచి చీటీ చూసి మొహం తిప్పుకుంది.

"ఎక్కడుంటున్నావు?" అని మొగుడు ఫోన్లో అడిగితే, "హాస్టల్లాంటిదే, మంచిదే" అంది.

ఆ గదిలో రెండో మంచం ఒక పెద్దావిడది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఎప్పుడు చూసినా ఒళ్ళో ఊలు ఉండ, చేతిలో సూదులు. జుట్టు ఊడిపోయిన వాళ్ళకి టోపీలల్లి పంచిపెట్టేది. అందరూ ఊలక్క అనేవాళ్ళు. మొదటిరోజే పళ్ళావిడని "ఏమ్మాయ్, నువ్వు" అని పిలిచేసింది.

ఊలక్క భర్త బస్టాండులో అనౌన్సరు. ముప్పై ఏళ్ళు మైకులో ఆయన గొంతు వినే వాళ్ళ ఊరు బస్సెక్కింది, దిగింది. పై దవడలో గడ్డ లేస్తే ఆపరేషను చేసి అంగిలిలో సగం తీసేశారు. గడ్డ పోయింది, ప్రాణం దక్కింది. కానీ నోటికీ ముక్కుకీ మధ్య గోడ లేకుండా పోయింది. పాలు తాగితే ముక్కులోంచి కారేవి. మాట్లాడితే అక్షరాలన్నీ ముక్కులోకే పోయి ఒక్కటీ అర్థమయ్యేది కాదు. రెండుమూడుసార్లు ప్రయత్నించి ఆయన నోరు మూసుకున్నాడు. ఏం కావాలన్నా చీటీ రాసేవాడు.

"ఆ కంతకి అడ్డంగా ఒక ప్లేటు చేస్తారట. పళ్ళ సెట్టులాగే ఉంటుందట. పెట్టుకుంటే తినొచ్చు, మాట్లాడొచ్చు అన్నారు" అంది ఊలక్క రెండో వారం. "ఆసుపత్రిలో అడిగితే ఎనిమిది నెలల తర్వాత రమ్మన్నారు. క్యూ ఉందట. ఎనిమిది నెలలు చీటీలు రాస్తే ఈయన గుండె ఆగిపోతుందే అమ్మాయ్. నోరున్న మనిషి."

ఆ ప్లేటు ఎలా చేయాలో పళ్ళావిడకి తెలుసు. కంతలోకి దిగే భాగం లోపల బోలుగా ఉండాలి, లేకపోతే బరువుకి జారిపోతుంది. ఆ బోలు చేయడంలోనే కిటుకంతా ఉంది. అలాంటివి ఇప్పటికి ఏడు చేసింది. తను పనిచేసే డాక్టరమ్మ ఆ పనిలో పేరున్న మనిషి. రెండు వీధుల అవతలే క్లినిక్. నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు.

చెబితే ఊలక్క ఏమంటుంది? "నీకెలా తెలుసు?" అంటుంది. "అక్కడ పనిచేస్తాను" అనాలి. "మరి మీ అమ్మో?" అంటుంది.

"పాపం" అంది పళ్ళావిడ. అంతే అంది. అని గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో వారం అంతే. నాలుగో వారం అంతే. ఆసుపత్రి వాళ్ళు ముందే పిలుస్తారేమోలే అని తనకి తను చెప్పుకుంది. ఒక సాయంత్రం పెరట్లో, వార్డు నుంచి వచ్చిన భర్తకి ఊలక్క గ్లాసుతో నీళ్ళిస్తుంటే చూసింది. ఆయన తల వెనక్కి వాల్చి, ముక్కు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, గుటకగుటకకీ ఆగి తాగాడు. సగం చొక్కా మీద పడింది. పళ్ళావిణ్ణి చూసి సిగ్గుపడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గుపడాల్సింది ఆయన కాదని ఆవిడకి తెలుసు. "బావగారూ, బాగున్నారా?" అని పలకరించి గబగబా లోపలికి వచ్చేసింది. పలకరించకపోయినా బాగుండేది.

ఐదో వారం ఊలక్క సూదులు పక్కన పెట్టి, టేపు తీసింది.

"ఇలా రా. మీ అమ్మగారికి టోపీ అల్లుతా. తల్లీకూతుళ్ళ తలలు ఒకటేలే, నీ తల కొలుస్తాను."

"వద్దక్కా, ఎందుకు శ్రమ..."

"శ్రమేంటే! అందరికీ అల్లాను, పక్క మంచం వాళ్ళమ్మకి అల్లకపోతే బాగుంటుందా? ఏ రంగంటే ఇష్టం ఆవిడకి?"

అమ్మకి నీలం ఇష్టం. అది మాత్రం నిజమే చెప్పింది. ఊలక్క వేళ్ళు నుదుటి మీద టేపు చుట్టి కొలుస్తుంటే పళ్ళావిడ కళ్ళు మూసుకుంది. వచ్చే వారానికి లేత నీలం టోపీ తయారైంది. మడిచి, కాగితంలో చుట్టి ఇచ్చింది. పళ్ళావిడ దాన్ని సంచి అడుగున, బట్టల కింద పెట్టింది. బయటికి తీయలేదు.

ఏడో వారం వచ్చీ రాగానే ఊలక్క అడిగింది.

"సరిపోయిందా టోపీ?"

"సరిపోయిందక్కా."

"రంగు నచ్చిందా?"

"చాలా నచ్చింది. రాత్రీ పగలూ తియ్యట్లేదు. నర్సులు కూడా బాగుందన్నారు."

అడిగిందానికి జవాబు చెప్పి ఊరుకోవచ్చు. నర్సుల్ని కూడా లాగింది. ఊలక్క కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, "సరేలే" అని ఊలు ఉండ చేతిలోకి తీసుకుంది. ఆ రోజు నుంచి పళ్ళావిడతో కబుర్లు తగ్గించింది. పళ్ళావిడ అది గమనించింది కానీ, ఆయన గురించిన దిగులేమోలే అనుకుంది.

పదో వారం, మంగళవారం మధ్యాహ్నం. పళ్ళావిడ క్లినిక్ వెనక గదిలో ప్లాస్టరు కలుపుతోంది. రిసెప్షనులో అమ్మాయి తలుపు తీసి, "పళ్ళావిడగారూ, డాక్టరుగారు పిలుస్తున్నారు. అంగిలి ప్లేటు కేసు వచ్చింది. ఆసుపత్రి నర్సు మీ గురించే చెప్పి పంపిందట" అంది.

చేతులు తుడుచుకుంటూ, ఏప్రనుతోనే ముందు గదిలోకి వచ్చింది. కుర్చీలో ఊలక్క భర్త. పక్కన ఒళ్ళో సంచి పెట్టుకుని ఊలక్క.

పళ్ళావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతుల మీద ప్లాస్టరు ఆరి బిగుసుకుంటోంది. ఊలక్క ముందు ఆవిడ మొహం చూసింది, తర్వాత ఏప్రను చూసింది, ఏప్రను జేబు మీద కుట్టిన క్లినిక్ పేరు చూసింది. ఆయన కూడా గుర్తుపట్టి, పలకరింపుగా చెయ్యెత్తబోయి, భార్య మొహం చూసి దించేశాడు.

"ఈవిడే. ఈ పనిలో ఈవిణ్ణి మించిన చెయ్యి ఈ నగరంలో లేదు" అని డాక్టరమ్మ పరిచయం చేసింది. "దాదాపు నాలుగు నెలల్నించి నా దగ్గర చేస్తోంది."

ఊలక్క లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"నమస్కారమండీ. మీరు చేస్తారటగా. మీ చేతి చలవ వల్ల ఈయన నోరు బాగుపడితే మీకు రుణపడి ఉంటాం."

'మీరు' అంది. పది వారాలు 'ఏమే, అమ్మాయ్' అన్న మనిషి. చెంప మీద కొట్టినా పళ్ళావిడకి అంత తగిలేది కాదు. డాక్టరమ్మ ముందు ఊలక్క ఒక్క మాట బయటపెట్టలేదు. తెలిసిన మనిషి అని కూడా అనలేదు. పళ్ళావిడ "కూర్చోండి" అందో లేదో ఆవిడకే గుర్తులేదు. డాక్టరమ్మ అచ్చు తీస్తున్నంతసేపూ ఆయన గడ్డం పట్టుకుని నిలబడింది. ఆయన నోట్లో కంత చూసింది. అంచులు మానిపోయాయి. నెల కిందటే అచ్చు తీయగలిగేవాళ్ళు. నెల ఏమిటి, నెలన్నర కిందటే. ఆ మాట డాక్టరమ్మ కూడా పైకే అనేసింది. "ఇంత బాగా మానింది కదా, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

"చెప్పేవాళ్ళు లేక" అంది ఊలక్క.

సాయంత్రం పని ముగిశాక వసతి గృహానికి వెళ్ళకుండా పారిపోదామా అనిపించింది. కానీ సంచి అక్కడే ఉంది. వెళ్ళింది. ఇంకా వెలుగుంది. ఊలక్క మంచం మీద కూర్చుని ఉంది. చేతుల్లో సూదులు లేవు. పళ్ళావిడ తలుపు దగ్గరగా వేసి, "అక్కా" అంది.

"చెప్పండి."

"అట్లా అనొద్దక్కా. తిట్టు. కొట్టు. మా అమ్మ..."

"పోయి నాలుగేళ్ళయింది. తెలుసు."

పళ్ళావిడ తన మంచం అంచున కూర్చుంది.

"టోపీ ఇచ్చిన మూడోరోజు వార్డుకెళ్ళాను" అంది ఊలక్క. "పెద్దావిణ్ణి చూసొద్దాం, పళ్ళేవైనా ఇద్దాం అని. ఆ గోడ మీద పేరుందిగా, ఆ పేరు చెప్పా. లేరన్నారు. పాత నర్సొకావిడ రిజిస్టరు తిరగేసి చెప్పింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. నీ మీద కోపంతో కాదు. చచ్చిపోయిన తల్లిని మళ్ళీ తెచ్చి మంచాన పడేసింది, ఈ పిల్లకి ఎంత అవసరమొచ్చిందో అని."

"మరి అడగలేదేం అక్కా?"

"అడిగాగా! టోపీ సరిపోయిందా అని. అప్పుడైనా నిజం చెబుతావేమోనని అడిగా. నువ్వు నర్సుల్ని కూడా తెచ్చావు."

పళ్ళావిడ తల వంచేసింది.

"వార్డెనుకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఒంటరి ఆడమనిషి, ఎక్కడ పడుకుంటుందిలే, దొంగతనం చేయట్లేదుగా, పడుకుంటోంది అనుకున్నా." ఊలక్క గొంతు అప్పటిదాకా నిలకడగానే ఉంది. అక్కడ విరిగింది. "కానీ నీ పని ఇదని నాకు తెలీదు కదా! ఆయన ముక్కులోంచి పాలు కారుతుంటే చూశావు. రాత్రిళ్ళు నేను ఏడుస్తుంటే విన్నావు. ఒక్క మాట. 'అక్కా, ఫలానా చోటికి వెళ్ళు' అంటే చాలు. నువ్వెవరో చెప్పక్కర్లేదు, ఎవరో అన్నారని చెప్పినా వెళ్ళేదాన్ని. అంత అబద్ధాలాడే దానివి, ఆ ఒక్క అబద్ధం నీకు తట్టలేదా?"

నిజంగానే తట్టలేదు. పది వారాలుగా ఆవిడ బుర్రంతా తన మంచాన్ని కాపాడుకునే అబద్ధాలతోనే నిండిపోయింది. ఇంకొకరికి పనికొచ్చే అబద్ధానికి అందులో చోటే లేకపోయింది.

సంచి అడుగు నుంచి టోపీ తీసి, కాగితంతో సహా, మంచం మీద పెట్టింది. ఊలక్క దాన్ని చూడను కూడా లేదు. "అది మీ అమ్మకి అల్లాను. నాకెందుకు? మీరే ఉంచుకోండి." మళ్ళీ 'మీరు'.

పొద్దున్నే పళ్ళావిడ వార్డెను ముందు నిలబడింది. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, "మా అమ్మ లేదండీ, ఇక్కడ నేను దొంగగా ఉంటున్నాను" అంది.

వార్డెను కళ్ళద్దాలు తీసి, తాడుకి వదిలేసింది. అరవలేదు. అంతా విన్నది. విని, బల్ల సొరుగులోంచి ఇంకో పుస్తకం తీసింది.

"ఇది మంచం లేక వెనక్కి పంపినవాళ్ళ పుస్తకం. వినండి. ఈ నెల రెండో మంగళవారం, ఒకావిడ, చంటిపిల్లతో. భర్త మూడో వార్డు. ఆ తర్వాతి బుధవారం, తండ్రీకూతుళ్ళు. కూతురు ఆసుపత్రి మెట్ల మీద పడుకుందట. పోయిన మంగళవారం..."

"చాలండీ."

"మీకు చాలు. నాకు వాళ్ళ మొహాలు గుర్తున్నాయి." పుస్తకం మూసింది. "కార్డు తేదీ చూసుకోకపోవడం నా తప్పు. మీ తప్పు మీకు తెలుసు."

పళ్ళావిడ పర్సు తెరిచి, ఇన్ని రాత్రులకి ఎంతైతే అంత ఇస్తానంది. వార్డెను విసుక్కుంది. "ఇది లాడ్జి కాదమ్మా. డబ్బు తీసుకుంటే రాయడానికి నా దగ్గర గడి కూడా లేదు. రిజిస్టరు సరిచేయండి, అది చాలు." తిప్పి ముందు పెట్టింది.

పదివారాల కిందట రాసిన వరుస. అమ్మ పేరు, డెబ్బై ఒకటి. పళ్ళావిడ ఆ అంకె కొట్టేసి అరవై ఏడు వేసింది. పక్కన 'లేరు' అని రాసింది. కలం మూత పెట్టి రిజిస్టరు వెనక్కి జరిపింది. ఐదో గదిలోకి వెళ్ళి, గోడ మీది చీటీని గోటితో మెల్లగా ఊడదీసి, పక్క సర్ది, సంచి తీసుకుంది. ఊలక్క అప్పటికే ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

ఆ రోజే డాక్టరమ్మకి కూడా చెప్పేసింది. ఒకరికి చెప్పాక రెండోవాళ్ళకి చెప్పడం తేలికవుతుందనుకుంది. కాలేదు. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ విని, "నన్నెందుకు అడగలేదు? ఎక్కడుంటున్నావని నేనూ అడగలేదనుకో" అంది.

"అడగడానికి సిగ్గేసిందండీ."

"నోరు తెరిచి అడగడానికి సిగ్గేసిందా? మరి అమ్మ పేరు రాయడానికి వెయ్యలేదా?" అంది డాక్టరమ్మ. అని, కాస్త ఆగి, "వేసే ఉంటుందిలే" అని తనే అనుకుంది.

చివరికి దారి చూపించింది రిసెప్షనులో అమ్మాయి. వాళ్ళ వీధిలో కుట్టుమిషన్ల షాపు పైన ఒక విధవావిడ ఒక్క గదిని నలుగురు ఆడవాళ్ళకి రోజుల లెక్కన ఇస్తుంది. వారానికోసారి కోర్టు పని మీద వచ్చే వకీలు, శుక్రవారాలు పాఠం చెప్పడానికి వచ్చే లెక్కల టీచరు, రెండు వారాలకోసారి మందుల కంపెనీ పని మీద వచ్చే ఇంకొకావిడ. మంగళ, బుధవారాలు ఖాళీ. ఎవరి దుప్పటి వాళ్ళదే, బట్టలు తగిలించడానికి ఎవరి మేకు వాళ్ళదే. తలుపుకి రెండు గడియలు. క్లినిక్‌కి పదిహేను నిమిషాల నడక. ఇన్నాళ్ళూ ఆ గది అక్కడే ఉంది. అడిగితే దొరికేది.

ఇంటావిడ గట్టి మనిషి. "ఏం పని? ఎక్కడ? మీవారి నంబరివ్వండి. ఇంతకు ముందు ఎక్కడుండేవారు?" అని ఒకటొకటే అడిగింది. చివరి ప్రశ్నకి పళ్ళావిడ నీళ్ళు నమిలింది. తర్వాత, చెప్పింది. మొత్తం కాదు, కానీ అబద్ధం మాత్రం చెప్పలేదు. "అర్హత లేని చోట ఉన్నాను, తప్పని తెలిసి వచ్చేశాను" అంది. ఇంటావిడ ఎగాదిగా చూసి, క్లినిక్‌కి ఫోన్ చేసి కనుక్కుని, తాళంచెవి ఇచ్చింది.

ఆ వారం ఇంటికెళ్ళాక మొగుడికీ చెప్పింది. ఆయన నడుం కింద దిండు సర్దుకున్నాడు. "అత్తయ్య పేరు రాశావా?" అన్నాడు చివరికి. "రాశాను." "నాతో హాస్టలన్నావు." "అన్నాను." ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఊలక్క భర్త ప్లేటుకి నాలుగు వారాలు పట్టింది. మామూలుగా అయితే మూడు చాలు. పళ్ళావిడ ఒకసారి పూర్తయిన మైనాన్ని నచ్చక చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. బోలు భాగాన్ని కాగితమంత పలచగా తీసింది. ఆయన ఊళ్ళో దిగిన పాత ఫోటో అడిగి తెప్పించుకుని, ముందు పళ్ళ మధ్య ఉండే చిన్న సందుని కూడా అలాగే ఉంచింది. ఇదంతా చేసి తప్పు తీర్చుకుంటున్నానని ఆవిడ అనుకోలేదు. అనుకోవాలని చూసింది, కుదరలేదు. చేతికి తెలిసిన పని చేతితో చేయడం ఎలాగూ తన పనే. అందులో గొప్పేముంది? చేయాల్సిన రోజున చేయలేదు, అంతే.

ప్లేటు పెట్టే రోజు డాక్టరమ్మ ఆయన నోట్లో అమర్చి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన అలవాటుగా తల వెనక్కి వాల్చి ముక్కు పట్టుకోబోయాడు. "వద్దు, మామూలుగా తాగండి" అంది డాక్టరమ్మ. తాగాడు. గుటక వేశాడు. ఒక్క చుక్క బయటికి రాలేదు. ఊలక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, మూడు నెలల తర్వాత మొదటి మాట అన్నాడు.

"ఎడమ పక్క అంచు గుచ్చుకుంటోంది."

ప్రతి అక్షరమూ స్పష్టంగా, మైకులో చెప్పినట్టే వచ్చింది. ఊలక్క ఏడుస్తూ పక్కున నవ్వేసింది. "ముప్పై ఏళ్ళ కాపురంలో నోరు తెరిస్తే ఫిర్యాదే!" డాక్టరమ్మ నవ్వింది. పళ్ళావిడ మాత్రం ప్లేటు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి, ఎడమ అంచుని చిన్న చక్రం మీద రుద్ది, వేలితో తడిమి, మళ్ళీ రుద్ది నునుపు చేసింది. తిరిగి తెచ్చి ఇస్తే ఆయన పెట్టుకుని, బాగుందన్నట్టు తల ఊపి, "చాలా బాగుంది, అమ్మా" అన్నాడు.

ఊలక్క రెండు చేతులూ జోడించింది. "వెళ్ళొస్తామండీ. మీ మేలు మర్చిపోం." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఏదో అనబోయి, భర్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

మూడు నెలలకి ఒకసారి ప్లేటు చూపించుకోవాలి. గడువు దగ్గర పడ్డాక ఒక బుధవారం క్లినిక్‌కి ఫోనొచ్చింది. రిసెప్షనులో అమ్మాయి లేకపోతే పళ్ళావిడే తీసింది.

"నమస్కారం. అంగిలి ప్లేటు పరీక్షకి తేదీ కావాలి" అని మైకు గొంతు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

"బావగారూ, నేను పళ్ళావిణ్ణి. బాగున్నారా?"

"భేషుగ్గా ఉన్నాను, అమ్మా. డ్యూటీలో చేరాను. పొద్దున షిఫ్టు."

"అక్క బాగున్నారా?"

"ఇదిగో, పక్కనే ఉంది." అవతల రిసీవరు మీద చెయ్యి మూసిన చప్పుడు. లోపల ఏవో మాటలు, అర్థం కాలేదు. పళ్ళావిడ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. కాసేపటికి ఆయన గొంతే మళ్ళీ వచ్చింది. కాస్త ఇబ్బందిగా.

"తర్వాత మాట్లాడుతుందట. పొయ్యి మీద పాలున్నాయట."

"సరే బావగారూ. వచ్చే నెల పన్నెండు, మంగళవారం, పదకొండింటికి రండి. నేనుంటాను."

పుస్తకంలో తేదీ ఎదురుగా ఆయన పేరు రాసింది. ఫోను పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళింది. ఎవరో పెద్దాయన కింది సెట్టు వదులైందని ఇచ్చి వెళ్ళారు, సాయంత్రానికి కావాలట.